పుర్రె బొమ్మ క్యాసెట్టు

నేను ఒక పాటల క్యాసెట్టుని. నా అట్ట మీద పళ్ళికిలించిన పుర్రె, దాని వెనక మంటలు. లోపల ఉన్నది థ్రాష్ మెటల్ అనే సంగీతం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను: గిటార్లు రంపాల్లా కోస్తాయి, డ్రమ్ములు ఊపిరి తీసుకోనివ్వవు, గాయకుడు పాడడు, అరుస్తాడు. సముద్రాల అవతల ఒక కారు షెడ్డులో నలుగురు కుర్రాళ్ళు యుద్ధాల మీదా బాంబుల మీదా మండిపడుతూ నన్ను తయారుచేశారు. విన్నవాడు అదిరిపడాలని వాళ్ళ కోరిక. నేనూ అదే నమ్మి లోకంలోకి వచ్చాను. తీరా చూస్తే, ఇన్నేళ్ళుగా అదిరిపడుతున్నది నేనే.

మొదటి దెబ్బ ఓడ మీదే తగిలింది. నన్ను కొన్న నావికుడు ఆజానుబాహువు, చేతుల నిండా పచ్చబొట్లు. వీడే నాకు తగినవాడు అనుకున్నాను. వాడు నన్ను వింటూ హాయిగా నిద్రపోయేవాడు, గురక కూడా పెట్టేవాడు. విశాఖపట్నంలో దిగాక రేవు దగ్గరి పాత సామాన్ల కొట్లో నన్ను పడేసి, బదులుగా ఒక చేతిగడియారం పట్టుకుపోయాడు. కొట్టు యజమాని నా పుర్రెను చూసి భూతవైద్యం మంత్రాలనుకుని, తీసుకెళ్ళి భక్తిపాటల పక్కన పెట్టాడు. కొన్నాళ్ళు నాకు సాంబ్రాణి పొగ కూడా దక్కింది.

అక్కడినుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నది హైమ. మల్కాపురం పిల్ల, పాలిటెక్నిక్ విద్యార్థిని, క్లాసులో నోరెత్తి ఎరగదు. అలాంటిది టేప్‌రికార్డర్‌లో నన్ను పెట్టి, సౌండు చివరిదాకా తిప్పి, జడ విప్పుకుని పూనకం వచ్చినట్టు తల విసిరింది. నేను బిత్తరపోయాను.

"ఇందులో ఏటున్నాదే, ఆ దిక్కుమాలిన కేకల్లో?" అని వాళ్ళమ్మ కాంతమ్మ అడిగింది.

"నేను అరవలేనివన్నీ ఇది అరుస్తాదమ్మా" అంది హైమ.

నన్ను తయారుచేసినవాళ్ళు కూడా నా గురించి ఇంత సూటిగా చెప్పి ఉండరు. కానీ ఇరుగుపొరుగు గోలపెట్టారు. కాంతమ్మ కొంగు చెవులకు చుట్టుకుని వంట చేసేది. ఏమీ అననివాడు తండ్రి తాతారావు ఒక్కడే. ఒకప్పుడు రేడియో కాస్త గట్టిగా మోగితే కస్సుమనే మనిషి, ఇప్పుడు నా పక్కనే కూర్చుని తాపీగా పేపరు చదువుకునేవాడు. వయసు మీదపడి మెత్తబడ్డాడని కాంతమ్మ అనుకుంది. తన మీద ప్రేమ అని హైమ మురిసిపోయింది.

తాతారావు ఓడలు బాగుచేసే యార్డులో తుప్పు కొట్టే పనివాడు. ఓడ అడుగున ఉండే ఇనుప ట్యాంకుల్లోకి దిగి, గోడలకు పట్టిన తుప్పును సుత్తితో రాలగొట్టాలి. అందరూ ఒకేసారి కొడుతుంటే లోపల ఎవరి మాటా వినపడదు, అందుకని సైగలతోనే మాట్లాడుకుంటారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. అన్నం కావాలన్నా, మంచినీళ్ళు కావాలన్నా చెయ్యే చూపించేవాడు. యార్డు మనుషులంతా ఇంతే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మాంచి జోరు మీదుండగా ఆయన పేపరు మడిచి, వచ్చి టేప్‌రికార్డర్ మీద చెయ్యి ఆనించాడు. నా పని అయిపోయింది, వీధిలోకి విసిరేస్తాడనుకున్నాను.

"ఇదేటి పాటమ్మా? బాగున్నాది. ట్యాంకులో మేమందరం సుత్తులేసినట్టున్నాది."

హైమ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఇన్నాల్లకి ఒక పాట నా సెవిన పడ్డాది. మిగతావేవీ ఇనపడ్డం నేదు. నీ మాట కూడా పెదాలు సూసే పోల్సుకుంతన్నాను. మీయమ్మకి సెప్పకు."

హైమ నవ్వు ఆపి ఆయన ముఖంలోకి చూసింది. నాకు నోట మాట రాలేదు అంటే అబద్ధం, అరుస్తూనే ఉన్నాను. కానీ భయపెట్టడానికి పుట్టిన నాకు అప్పుడు భయమంటే ఏమిటో తెలిసింది.

హైమ ఊరుకోలేదు. అమ్మకు చెప్పి, ఇద్దరూ కలిసి ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. నరాలు దెబ్బతిన్నాయి, మందు లేదు, మిగిలిన కాస్తా నెమ్మదిగా పోతుంది అన్నాడట డాక్టరు. ఆ రోజు నుంచి కాంతమ్మే సాయంత్రాలు నన్ను వెతికి తెచ్చి కూతురి చేతిలో పెట్టేది. ఇరుగుపొరుగువాళ్ళు ఏమన్నా లెక్కచేసేది కాదు. తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని వినేవారు.

"ఈడెవడో గానీ, మాంచి ఊపిరున్నోడు" అనేవాడు తాతారావు.

"ఇనపడతందా నాన్నా?" అని హైమ ప్రతిసారీ అడిగేది. "బాగా ఇనపడతంది" అనేవాడు. ఆ ఒక్క జవాబు కోసమే ఆ పిల్ల పగలంతా ఎదురుచూసేది. అది విన్నాక గానీ అన్నం తినేది కాదు.

నా టేపు అరిగింది. ఒక సాయంత్రం పాట మంచి పట్టులో ఉండగా పుటుక్కున తెగిపోయాను. ఇల్లంతా నిశ్శబ్దం. వీధిలో కూరగాయలమ్మే మనిషి కేక స్పష్టంగా వినిపించింది. హైమ గబుక్కున లేచి, లేచినచోటే నిలబడిపోయింది.

తాతారావు కళ్ళు మూసుకుని తల ఊపుతూనే ఉన్నాడు. కుర్చీ చేతి మీద వేళ్ళతో నా డ్రమ్ముల దరువు వేస్తున్నాడు, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా. నేను కొయ్యబారిపోయాను. ఎప్పటినుంచి ఈయనకు నేను వినపడటం లేదు? నిన్నటినుంచా, నెలల నుంచా? కూతురు అడిగిన ప్రతిసారీ బాగా ఇనపడతంది అన్నాడే!

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి కూతురి వైపు చూశాడు.

"ఇయ్యాల మరీ గట్టిగా ఎట్టినావమ్మా. పక్కింటోల్లు తిడతారు, కొంచిం తగ్గించు."

హైమ నా దగ్గరికి వచ్చి, సౌండు కొంచెం తగ్గించింది. తిరిగి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ఆయనతో పాటు తల ఊపడం మొదలుపెట్టింది.