బొబ్బలు లేని అరచేతులు

ఆ ఉదయం ఆకాశం తడిగుడ్డలా వేలాడుతోంది. పిండితే నాలుగు చుక్కలు రాలేట్టుంది గానీ పిండేవాడు లేడు. ఇలాంటి చెమ్మరోజున డ్రమ్ము తోలు సాగిపోతుంది. అందుకే మిల్లు బ్యాండు షెడ్డులో మాస్టరు స్వయంగా మరలు బిగిస్తున్నాడు.

ముందువరసలో డ్రమ్ము వాయించే పెద్దాయన రిటైరయ్యాడు. ఆ చోటు ఎవరిదో ఇవాళ తేలాలి. పోటీకి దిగింది ఇద్దరే. ఒకడు గోదాములో మూటలు మోసేవాడు, అందరూ బస్తా అంటారు. రెండోవాడు బ్యాండుకి యూనిఫారాలు కుట్టే టైలరు. ఇతను మాస్టరుకి స్వయానా బావమరిది. బావాబావమరుదులిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి.

టైలరు ఆరునెలలు తన చేతులతోనే కుస్తీ పట్టాడు. మొదట్లో కర్రని పీక పిసికినట్టు పట్టుకునేవాడు. అది డ్రమ్ము మీద ప్రాణం లేనట్టు పడేది, అరచేతుల్లో బొబ్బలు లేచి చితికేవి. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కర్ర ఊగేంత చోటిచ్చి, మిగతా వేళ్లని ఊరికే తోడుంచాడు. అప్పుడది కొట్టి, తనంతట తానే లేచి వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం అత్తారింటికి కొత్తగా వచ్చిన అల్లుడిలా బిగుసుకుని కూర్చుంది. దాన్ని దారిలో పెట్టడానికి చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకున్నాడు, తలుపులు ఎడమచేత్తో తీశాడు, చెక్కకి అతికించిన పాత ట్యూబు ముక్క మీద ఆ చేత్తో రోజూ వెయ్యి దెబ్బలు ఎక్కువ వేశాడు. పాత బొబ్బలు మానాయి, కొత్తవి రాలేదు.

మాస్టరుది ఇరవై ఏళ్ల పద్ధతి. డ్రమ్ము ముట్టుకునే ముందు అరచేతులు చూపించాలి. బొబ్బ లేదంటే సాధన లేదని ఆయన లెక్క. బస్తా చేతులు చాపాడు. చితికిన పుళ్లు, గుడ్డకట్లు. మాస్టరు మెచ్చుకోలుగా తలాడించాడు. టైలరు చాపాడు. బొటనవేలి మొదట్లో కాచిన ఒక కాయ తప్ప అంతా శుభ్రంగా ఉంది.

“ఇది కత్తెర కాయ. కర్ర కాయ ఏదిరా?” అన్నాడు మాస్టరు. “సుఖంగా కూర్చుని వచ్చావు. చోటు వాడిది.”

వాయించి చూపిస్తానన్నాడు టైలరు. అక్కర్లేదన్నాడు మాస్టరు. వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు. టైలరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. పుట్టి బుద్ధెరిగాక ‘బావా’ అని తప్ప పిలవని మనిషిని ఇవాళ మరోలా పిలిచాడు.

“మాస్టారూ, బొబ్బ లేచిందంటే కర్రని బిగబట్టాడని అర్థం. తప్పు మానుకున్నందుకా నాకు శిక్ష?”

జవాబు కోసం ఆగకుండా కర్రలు తీసుకున్నాడు. నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోయాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు చెరిగిపోయి, చిల్లిపడ్డ మూటలోంచి గింజలు జారుతున్నట్టు ఒకటే ధార అయింది. మాస్టరు వీపు తిప్పి కిటికీ వైపు నిలబడ్డాడు, గానీ బయటికి వెళ్లలేదు.

ధార ఆగాక నవ్వినవాళ్లు నేల చూపులు చూశారు. బస్తా కట్లు సర్దుకుంటూ, ఈ చేతులు ముద్ద కలుపుకోవడానికే పనికిరావడం లేదు, ఆయనకే ఇచ్చెయ్యండని గొణిగాడు. ఒకసారి అన్నాక అన్నట్టేనని మాస్టరు బస్తా పేరు రాసి పుస్తకం మూసేశాడు.

మధ్యాహ్నానికి సంగతి టైలరు అక్క చెవిన పడనే పడింది. ఆమె తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. కంచాలు పెడుతూ మొగుణ్ణి అడిగింది.

“మీరు ఇంట్లో లేని వేళల్లో గోడకి ఇవతల ఆరునెలలు విన్నానండీ. మొదట్లో ఏ దెబ్బ కుడిదో, ఏది ఎడమదో చెప్పగలిగేదాన్ని. ఈమధ్య చెప్పలేకపోతున్నాను. ఇవాళ వీపు తిప్పి విన్నారటగా. మీరు చెప్పగలిగారా?”

మాస్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. “లేదు” అన్నాడు.

ఆ ఒక్క మాటకి పుస్తకంలో పేరు చెరగదని ముగ్గురికీ తెలుసు. టైలరుకి అడగాల్సినవి చాలా ఉన్నాయి; కంచం దగ్గరికి లాక్కున్నాడు. అక్క ఇద్దరికీ వడ్డించి తనూ కూర్చుంది. ముగ్గురూ తలలు వంచుకుని అన్నం తిన్నారు. ఎవరి గ్లాసులో నీళ్లు వాళ్లే పోసుకున్నారు.