టోపీ తీసిన మూల

జనవరిలో ఇటలీ రేవుపట్టణం ట్రియెస్తె చూడటానికి ఎవరూ రారు. అందుకే ఆ పెద్దమనిషి పొద్దున్నే ఫోన్ చేసి, ఒక్క రోజే ఉంటాను, ఊరంతా తిప్పి చూపించాలి అన్నప్పుడు నివెస్ ఒక్క క్షణం ఆలోచించింది. ఒక్క క్షణమే. చలికాలంలో గైడుకి బేరం తగలడమే గొప్ప. పైగా గొంతు మర్యాదగా ఉంది. పేరు బెర్రూతి, ఊరు తూరిన్, నోటరీ ఆఫీసులో పనిచేసి మానుకున్నాడట. ఈ ఊరికి రావడం ఇదే మొదటిసారట.

కోటు తొడుక్కుంటుంటే వంటింట్లోంచి ఒందీనా అడిగింది, ఎవరని. ఒందీనా, నివెస్ చనిపోయిన భర్తకి అక్క.

"ఎవరో పెద్దాయన, వదినా. తూరిన్ నుంచి."

"ఎవరైతే నాకేం. నువ్వు వెళ్ళు, గడియ నేను వేసుకుంటాను. మూడుసార్లు కొడితేనే తీస్తాను, మర్చిపోయి రెండు కొట్టావో, మెట్ల మీదే పడుకో."

నవంబరు నుంచి ఆ ఇంట్లో అదే వరస. గ్వెరీనో కొస్మాచ్ జైలు నుంచి విడుదలయ్యాడని అప్పుడే లాయరు కబురు పంపాడు. పద్దెనిమిదేళ్ళ కిందట పాత రేవు గిడ్డంగుల వెనక వాడు ఒక కస్టమ్స్ జవానుని బస్తాలు లాగే ఇనప కొక్కెంతో కొట్టి చంపాడు. చూసిన మనిషి ఒందీనా ఒక్కతే. ఎంతమంది వద్దన్నా కోర్టుకెళ్ళి వేలు పెట్టి చూపించింది. శిక్ష చదివాక వాడు అరవలేదు, తిట్టలేదు. బయటికొచ్చాక నీ దగ్గరికే వస్తాను ఒందీనా, అని మాత్రం అన్నాడు.

నివెస్ అప్పటికి ఈ ఇంటి కోడలు కాదు, పుట్టింది ఇక్కడే అయినా అప్పుడు ఊళ్ళో లేదు. వాడి మొహం ఆమెకి పాత పేపరు బొమ్మలోనే తెలుసు. నుదుటి మీద నల్లటి జుట్టు పడుతున్న బక్కపలచని మనిషి. ఒందీనా ఊదినేలో చుట్టాలింటికి వెళ్ళిపోయిందని ఇరుగుపొరుగుకి చెప్పారు. నిజానికి ఆమె రేవుకి ఎదురుగా ఉన్న ఆ మేడ మూడో అంతస్తు దిగక రెండు నెలలు దాటింది. ఈ సంగతి తెలిసిన బయటి మనిషి, చేపల మార్కెట్టు వెనక పూటకూళ్ళ కొట్టు నడిపే లిబేరో ఒక్కడే. అతనూ ఒందీనా ఒకే సందులో ఆడుకుంటూ పెరిగారు.

బెర్రూతి హోటలు మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తున్నాడు. నెరిసిన మీసం, కాస్త బొజ్జ, మంచి బూడిదరంగు టోపీ. నివెస్ అతన్ని ముందు శాన్ జూస్తో కొండ ఎక్కించింది. చర్చి చూపించింది, కోట చూపించింది, కింద రేవుని చూపించింది. చెప్పింది శ్రద్ధగా విన్నాడు. మధ్యమధ్య ఆమె సంగతులు అడిగాడు. ఒంటరిగానే ఉంటారా అన్నాడు. ఒంటరిగానే అంది. మీవారి తరఫు వాళ్ళెవరూ లేరా అన్నాడు. ఒక ఆడపడుచు ఉంది, ఊదినేలో, అంది. అయ్యో, ముసలితనంలో మనవాళ్ళు దగ్గరుండాలండీ, అన్నాడు. ఏ పెద్దమనిషైనా అనే మాటే.

కొండ మీదుండగానే దూరంగా సముద్రం మీద నల్లటి గీత పడింది. గాలి ఇంకా రాలేదు. బోరా వస్తోందని నివెస్ చెప్పింది. అదేమిటండీ అని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఈ ఊరి గాలి అనీ, కొండల మీంచి దొర్లుకుంటూ వచ్చి సముద్రంలో పడుతుందనీ, అది ముదిరితే వీధి మూలల్లో పట్టుకోడానికి తాళ్ళు కడతారనీ చెప్పింది. తమ పెళ్ళినాటి బోరాకి మామగారి విగ్గు వెనిసు దాకా ఎగిరిపోయిందని ఎప్పుడూ చెప్పే జోకు చెప్పింది. అతను నవ్వాడు.

కొండ దిగి, ఇళ్ళ చాటున ఇరుకు వీధిలో కాలువ వైపు నడిచారు. ఆ వీధిలో గాలి ఊసే లేదు. చివర మూల తిరిగితే మాత్రం కాలువ వెంబడి వచ్చే బోరా ఎదురుగా గుద్దుతుంది. కొత్తవాళ్ళ టోపీలన్నీ పోయేది అక్కడే. నివెస్ ఏ యాత్రికుడినీ ముందుగా హెచ్చరించదు. టోపీ కాలువలో పడ్డాక, మా ఊరికి పన్ను కట్టేశారు సార్, అనడం ఆమెకి సరదా. ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకునే నడుస్తోంది.

మూల ఇంకా ఒక్క అడుగు దూరంలో ఉంది. బెర్రూతి ఏదో మాట్లాడుతూనే టోపీ తీశాడు. మడిచి కోటు లోపల పెట్టుకున్నాడు. కుడి భుజం ముందుకి వంచాడు, మోకాళ్ళు కాస్త సడలించాడు, గోడ వారకి జరిగాడు. అప్పుడు మూల తిరిగాడు. గాలి వచ్చి గుద్దింది. అతను తూలలేదు.

నివెస్ తూలింది. అంతవరకూ ఎన్నడూ తూలని మనిషి.

ఆ పని ఆలోచించి చేసేది కాదు. ఈ ఊళ్ళో పుట్టి, బడికి పోతూ రోజూ ఆ మూల తిరిగిన పిల్లల ఒంటికి పట్టే అలవాటు అది. తూరిన్ నోటరీకి రాదు. ఆమె పక్కకి చూసింది. గాలికి నెరిసిన జుట్టు ఎగిరి అతని నుదుటి మీద పడింది. పేపరు బొమ్మలో పడినట్టే పడింది.

ఆకలేస్తోందా అని అడిగింది. 

లిబేరో కొట్టు మామూలుగానే ఆవిర్లు కక్కుతోంది. పెద్ద గుండిగలో పంది మాంసం ఉడుకుతోంది. నివెస్‌ని చూడగానే లిబేరో అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు.

"ఏం అమ్మాయ్, గాలికి చీపురులా తయారయ్యావు! ఉండు, నీ పొట్లం కడుతున్నా. రోజూలాగే రెండు. మీ వదినకి ఘాటు గుర్రపుముల్లంగి తురుము విడిగా..."

నివెస్ మొహం చూసి ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది. బెర్రూతి గోడకున్న పటాల వంక చూస్తున్నాడు. విన్నాడో లేదో అతని వీపు చెప్పలేదు.

చెయ్యి కడుక్కునే నెపంతో ఆమె వెనక వంటగదిలోకి వెళ్ళింది. లిబేరో వెంట వచ్చాడు. సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది.  అతను పోలీసులకి ఫోన్ చేస్తానన్నాడు.

"చేసి ఏం చెప్తావు? ఆయన టోపీ తీశాడు, వచ్చి పట్టుకోండి అని చెప్తావా? శిక్ష అనుభవించి వచ్చినవాడు లిబేరో. ఊళ్ళో తిరగడం నేరం కాదు."

అందుకని వేరే ఏర్పాటు చేసింది. లిబేరో ఒందీనాకి ఫోన్ చెయ్యాలి. ఒందీనా పెరటి మెట్లు దిగి, సందులోంచి లిబేరో చెల్లెలి రొట్టెల బట్టీకి పోవాలి. అక్కడి నుంచి సాయంత్రం రైల్లో నిజంగానే ఊదినే వెళ్ళిపోవాలి. అంతసేపూ వీణ్ణి నివెస్ తన కళ్ళముందు పెట్టుకుంటుంది. విడిచిపెడితే వాడు నీడలా వెనకే వస్తాడు. పక్కన పెట్టుకుంటే కనీసం ఎక్కడున్నాడో తెలుస్తుంది.

ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూచుంది. మాంసం నమిలింది. రుచి తెలియలేదు. బెర్రూతి మాత్రం కడుపునిండా తిన్నాడు. కాసేపటికి లిబేరో రొట్టె పళ్ళెం పెట్టే వంకతో ఆమె చెవి దగ్గర వంగాడు. ఆవిడ బయల్దేరుతోందట. కానీ రైలు వేళకి నివెస్ కూడా బట్టీకి రావాలట. రాకపోతే రైలెక్కదట, వెతుక్కుంటూ వెనక్కే వస్తుందట.

వదిన మొండితనం నివెస్‌కి కొత్త కాదు. ఆ మొండితనమే వీణ్ణి జైల్లో పెట్టింది.

బయటికి వచ్చేసరికి బోరా ముదిరింది. రేవు ఒడ్డున దీపస్తంభాలు ఈల వేస్తున్నాయి. సముద్రంలోకి మోలో, ఓడలు ఆగే రాతి కట్ట, పొడుగ్గా, ఖాళీగా సాగి ఉంది. దానికి గోడ లేదు, కటకటాలు లేవు. బోరా రోజున ఈ ఊరివాడెవడూ దాని మీద కాలు పెట్టడు. తెలియనివాళ్ళే పెడతారు.

"మోలో చివరిదాకా వెళ్దామా సార్? బోరాలో సముద్రాన్ని అక్కడి నుంచే చూడాలి. మీలాంటి కొత్తవాళ్ళు ఇది చూడకుండా పోకూడదు."

బెర్రూతి మోలో వంక చాలాసేపు చూశాడు. రానంటే, ఎందుకు రానంటున్నాడో చెప్పాలి.

"మీరెలా అంటే అలాగేనండీ," అన్నాడు.

ఇద్దరూ నడిచారు. కుడివైపు నుంచి గాలి అడ్డంగా తోస్తోంది. ఎడమవైపు రాయి అంచు, దాని కింద నల్లటి నీళ్ళు. కొంతదూరం అతను కొత్తవాడిలా తూలుతూ నడిచాడు, చేతులూపాడు, అబ్బో అన్నాడు. నివెస్ తిరిగి తిరిగి ఒడ్డు వైపు చూస్తూనే ఉంది. సగం దూరంలో ఒక పెద్ద విసురు వచ్చింది. ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. అంచు దాకా జారిపోయింది.

ఒక చెయ్యి ఆమె కోటు పట్టి వెనక్కి లాగింది. ఓడల తాళ్ళు కట్టే ఇనప దిమ్మె చాటున కూలేసింది. అతను పక్కనే గొంతుక్కూచున్నాడు, జాలర్లు కూచున్నట్టు, గాలికి వీపు పెట్టి.

"చాల్లే నివెస్," అన్నాడు. తూరిన్ యాస పోయింది. పాత రేవు కూలీల యాస అది. "ఇద్దరం ఈ నీళ్ళు తాగినవాళ్ళమే. మూల దగ్గర తప్పు చేశాను. నీ మొహం చూశాకే తెలిసింది. పద్దెనిమిదేళ్ళు గాలి తగలని చోట ఉన్నా, ఈ చెయ్యి మర్చిపోలేదు చూడు."

"ఆవిడ ఊదినేలో ఉంది."

"ఉండనీ. మరి గాలి మొదలైన దగ్గర్నుంచీ ఆ పచ్చరంగు మేడ మూడో అంతస్తు వంక ఎందుకు చూస్తున్నావు? ఖాళీ ఇంటి కోసం ఎవరూ అలా చూడరు. నేను ఓడ మీదుంటే మా అమ్మ సముద్రం వంక అలా చూసేది."

 తను అలా చూస్తున్నట్టు నివెస్‌కే తెలియదు. అతను టోపీ తీసింది అతనికి తెలియనట్టే.

గ్వెరీనో లేచి ఒడ్డు వైపు నడిచాడు. ఇక నటించాల్సిన పని లేదు. విసురు వచ్చినప్పుడు ఆగుతూ, తగ్గినప్పుడు నాలుగు అడుగులు వేస్తూ, తొందరపడకుండా నడిచాడు. నివెస్ వెనక పడుతూ లేస్తూ వచ్చింది. మేడ తలుపు దగ్గర అతను ఆగి, పక్కకి జరిగి, ఆమెకి దారిచ్చాడు.

"తియ్యి."

తీసింది. తియ్యనంటే అతను లిబేరోని వెతుక్కుంటూ పోతాడు. లిబేరో దాకా పోతే బట్టీ దాకా పోవడం ఎంతసేపు? పైన ఎలాగూ ఎవరూ లేరు. ఉండకూడదు.

లేరు. పై తలుపు గడియ తీసే ఉంది. వంటింట్లో కుర్చీ వెనక్కి జరిపి ఉంది. గ్వెరీనో గదులన్నీ నెమ్మదిగా చూశాడు. మంచం కింద కూడా వంగి చూశాడు. తిరిగి వచ్చి బల్ల మీది కాఫీ కప్పు చుట్టూ అరచెయ్యి పెట్టాడు. పొయ్యి మీది గిన్నె మూత ఎత్తాడు. చిక్కుడుగింజలు, పులిసిన క్యాబేజీ వేసిన సూపు.

"యోటా. ఇంకా గోరువెచ్చగా ఉంది." అతను కోపంగా లేడు. అదే నివెస్‌ని భయపెట్టింది. "పంపించేశావు. సరే. నాకేం తొందర? ఒందీనా నాకు తెలుసు. ఎంతమంది వద్దన్నా కోర్టుకి వచ్చిన మనిషి. నిన్ను ఇక్కడ వదిలేసి పోతుందంటావా?"

పోదు. ఆ సంగతి ఈ గదిలో ఇద్దరికీ తెలుసు. కిటికీ తలుపుల సందుల్లో వెలుగు పలచబడుతోంది. రైలు వేళ దగ్గరపడుతోంది. బట్టీలో వదిన కోటు తొడుక్కుని, తలుపు వంక చూస్తూ, లిబేరో చెల్లెలిని విసిగిస్తూ ఉంటుంది. ఇంకాసేపు చూస్తుంది. ఆ తరవాత ఈ మెట్లెక్కుతుంది.

ఫోను మోగింది.

గ్వెరీనో ఆమె వంక చూశాడు. "ఎత్తు. ఇంట్లోనే ఉన్నానని చెప్పు. చాలు, ఇంకేం చెప్పొద్దు." లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తనకీ వినపడేలా చెవి ఫోను దగ్గర పెట్టాడు. అతని కోటు నుంచి ఉప్పునీటి వాసన వస్తోంది.

నివెస్ ఫోనెత్తింది. అవతల గాలి హోరు, బట్టీ చప్పుడు. ఆ తరవాత వదిన గొంతు, చిరాగ్గా, ప్రేమగా. "ఎక్కడున్నావే? కాళ్ళు పడిపోతున్నాయి ఇక్కడ. వస్తున్నావా, నన్ను రమ్మంటావా?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ నివెస్ ఆమెని ఏనాడూ మీరు అనలేదు.

"మీకెవరు కావాలండీ? ఆ పేరుగల వాళ్ళెవరూ ఇక్కడ లేరు. మీరు తప్పు నంబరుకి చేశారు. ఇంకెప్పుడూ ఈ ఇంటికి చెయ్యకండి."

 అవతల ఊపిరి వినిపించింది. ఒకసారి, ఇంకొకసారి. ఆ తరవాత, ఎంతో మెల్లిగా, ఫోను పెట్టేసిన శబ్దం.

 గ్వెరీనో తలుపు దగ్గరికి వెళ్ళి లోపల గడియ వేశాడు. కుర్చీ తలుపుకి ఎదురుగా లాక్కుని కూచున్నాడు.

"ఎంత చెప్పినా వస్తుంది," అన్నాడు. కానీ ఆ మాట ఇందాకటి మాటంత గట్టిగా లేదు.

"వస్తే వస్తుంది," అంది నివెస్. వదిన రాదు; ఆ "మీరు" ఆమెకి అర్థమైంది, ఫోను అంత మెల్లిగా పెట్టింది అందుకే. ఆ సంగతి ఇతనికి ఎంత ఆలస్యంగా తెలిస్తే అంత మంచిది. రైలు స్టేషను దాటాలి, కొండలు దాటాలి. అప్పటిదాకా ఇతను ఈ కుర్చీలోంచి లేవకూడదు. ఆ తరవాత తనకేమవుతుందో ఆమె ఆలోచించదలచుకోలేదు.

ఆమె కోటు విప్పి మేకుకి తగిలించింది. పొయ్యి వెలిగించి మంట బాగా తగ్గించింది. యోటా అడుగంటకూడదంటే సన్నటి సెగ మీద చాలాసేపు కలుపుతూ ఉండాలని చెప్పింది. గరిటె తీసుకుని, అతనికి వీపు పెట్టి, నిదానంగా కలపడం మొదలుపెట్టింది.