నేల మీది తలగుడ్డ

“నిన్న ఉమ్మి గిన్నెలు సరిగ్గా తోమలేదట. కమాండర్ గారు మొహం చిట్లించారు,” అన్నాడు అబ్దుల్ ఖవీ, నేను పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిప్పుతుంటే.

అబ్దుల్ ఖవీ నా భర్త. మా ఊరు తయిజ్‌లో నేను రసాయనశాస్త్రం చెప్పిన బడిలోనే ఒకప్పుడు భూగోళం చెప్పేవాడు. ఇప్పుడు మా వైపు ఊరిని పట్టుకున్న తుపాకుల వాళ్ళకి ఉపన్యాసాలు రాసిపెడతాడు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మేడమీది గదిలో కమాండర్‌తో సహా మగాళ్ళంతా చేరి, మత్తెక్కించే ఖాత్ ఆకు బుగ్గన పెట్టుకుని, పొద్దు వాలేదాకా యుద్ధం నడుపుతారు. వాళ్ళు నమిలి ఉమ్మింది నేను కడుగుతాను. పచ్చటి చిక్కటి జిగురు, అందులో నానిన సిగరెట్ పీకలు. ఎన్నాళ్ళు కడిగినా నాకు అలవాటు కాలేదు. కడిగే నీళ్ళు కూడా మసీదు దగ్గర టాంకర్ ముందు నిలబడి పసుపు డబ్బాల్లో నేనే మోసుకొస్తాను. వాళ్ళ దేశభక్తి అంతా చివరికి నా మోచేతుల దాకా వస్తుంది. టీ కూడా నేనే కాచి పైకి తీసుకెళ్ళాలి, కానీ గడప దాటకూడదు. తలుపు తట్టి పళ్ళెం కింద పెడితే అతను వచ్చి అందుకుంటాడు. వాళ్ళ ముందు నా పేరు పలకడు, “ఇంట్లోవాళ్ళు” అంటాడు. నా పేరు ఇష్రాక్. మా పెళ్ళయిన కొత్తలో ఆ పేరు ఎంత బాగుందో అని పదేపదే పిలిచేవాడు.

వేదికల మీద మాత్రం మా ఆడవాళ్ళ గురించి అతనంత తియ్యగా మాట్లాడేవాడు లేడు. “మన స్త్రీలు మన తలల మీది కిరీటాలు” అంటాడు. ఇంట్లో నేను మా తల్లుల సంఘం మాట ఎత్తితే, “ముందు యుద్ధం కానివ్వు. ఇల్లు తగలబడుతుంటే ఎవరైనా గోడలకి రంగులు వేస్తారా?” అంటాడు. యుద్ధానికి ముందు ఎన్నికలు కానివ్వమన్నాడు. దానికి ముందు మా అమ్మాయి పెద్దదవనివ్వమన్నాడు.

మొన్న వసంతంలో ఊరిని రెండుగా కోసిన ఆ రోడ్డు మీదికి మేమే వెళ్ళాం. అటు కొడుకులున్న తల్లులు, ఇటు కొడుకులున్న తల్లులు, అందరం. మాలో ఒక ఆచారం ఉంది. ఆడది తలగుడ్డ తీసి మగాడి ముందు పడేస్తే వాడు దాన్ని తొక్కకూడదు, దాటకూడదు. వంగి తీసి ఆమె చేతికివ్వాలి. ఇచ్చాడంటే అడిగినదానికి ఒప్పుకున్నట్టే. తియ్యకపోతే వాడి ముఖం ఇక ఏ ఊళ్ళోనూ చెల్లదు. పిల్లల్ని చంపడానికి సిగ్గుపడని వాళ్ళకి ఈ ఒక్క సిగ్గు మిగిలింది. మా ప్రాణాలకి లేని విలువ మా జుట్టుకి ఉంది. ఆ రోజు రెండు వైపులా తుపాకుల మధ్య రోడ్డంతా నల్లగా మా గుడ్డలు పరిచాం. కాల్పులు ఆగాయి. నీళ్ళ టాంకర్లు లోపలికి వచ్చాయి. సాయంత్రం రేడియోలో నా భర్త గొంతు వినిపించింది: “ఇది మా నాయకత్వం ఓపిగ్గా జరిపిన చర్చల ఫలితం.” ఆ నీళ్ళతోనే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుంటూ మా అత్తగారు తఖియ్యా పక్కింటావిడతో అంది, “నలుగురు మగాళ్ళ ముందు తల విప్పిందంట, మా కోడలు. ఇక దాచుకోవడానికి ఏముందమ్మా!”

మా సంఘంలో నబాత్ అక్క ఉంది. వీధి చివర రొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఆమె కొడుకు ఘమ్దాన్, నా దగ్గర చదువుకున్నవాడే. కమాండర్ మనుషులు సాయంగా వచ్చిన పిండి బస్తాలు బజార్లో అమ్ముకుంటున్నారని అందరూ చదివేలా ఫోన్లో రాశాడు. అంతే, తీసుకుపోయారు. అవతలి వాళ్ళు కాదు, మా వాళ్ళే. మూతపడ్డ మా బడి కింద ఉన్న నేలమాళిగలో పెట్టారు. ఒకప్పుడు నేను గాజు సీసాలు, ఆమ్లాలు భద్రం చేసిన గది అది. “నువ్వు మీ ఆయనకి ఒక్కమాట చెప్పవే తల్లీ,” అంటుంది అక్క, కనపడ్డప్పుడల్లా. చెప్పాను. “మనవాళ్ళు ఎవర్నీ పట్టుకోరు, విచారణకి పిలిచారంతే. నువ్వు శత్రువు మాటలు మోసుకు రాకు,” అన్నాడు.

ఇవాళ వంటింట్లోకి వచ్చినవాడు గిన్నెల సంగతి చెప్పి వెళ్ళిపోలేదు. రాజిఖీ ద్రాక్ష తెచ్చాడు. పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని.

“మా అన్న కొడుకుని అవతలివాళ్ళు పట్టుకున్నారు,” అన్నాడు. “అక్కడి తెగ పెద్ద, షేక్, పాతకాలం మనిషి. మీ ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆయన ముందు నీ తలగుడ్డ... ఆ రోజు వేశారు కదా, అలాగే.”

“ఆ రోజు పరువు పోయిందన్నారుగా.”

“అది అప్పటి మాట. ఇది మన రక్తం.”

“మరి ఘమ్దాన్?”

“అబ్బా, మళ్ళీ మొదలెట్టకు. అది వేరు.”

“ఎలా వేరు?”

“నీకు రాజకీయాలు తెలియవు.”

గుమ్మం దగ్గర నుంచి మా అత్తగారు గొంతు మార్చింది. “వెళ్ళవే తల్లీ. తల విప్పితే ఏమవుతుంది, మన పిల్లాడి కోసమే కదా!”

ఆ జుట్టు వీళ్ళదట. దాచమన్నప్పుడు దాచాలి, విప్పమన్నప్పుడు విప్పాలి. పెట్టెలోంచి తీసి పెళ్ళిళ్ళకి వాడుకునే పళ్ళెం లాగా నా సిగ్గుని కూడా వీళ్ళే పైకి తీసి వాడుకుంటారు. అతని ముఖంలోకి చూశాను. నాలో అసహ్యం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

“సరే,” అన్నాను. “మీ పిల్లాడి కోసం రేపు సంఘంతో వెళ్తాను. వాడూ ఒక తల్లి కన్నవాడే.”

అతను నవ్వి ద్రాక్ష గుత్తి నా ఒళ్ళో పెట్టాడు. ఆలోగా నేనేం చేస్తానో అడగలేదు.

మధ్యాహ్నం టీ కాచి, తోమిన గిన్నెలతో సహా పైకి తీసుకెళ్ళాను. తలుపు తట్టలేదు. లోపలికి నడిచాను. పొగ, ఆకుల పచ్చివాసన. కిటికీ కింద మెత్తల మీద కమాండర్, బుగ్గ ఉబ్బి. ఉమ్మి గిన్నె ఆయనకి చెయ్యి చాచితే అందేలా కాకుండా కొంచెం దూరంగా పెట్టాను. మధ్యలో నిలబడి తలగుడ్డ విప్పి, ఆకుల చెత్త మీద, ఆయన కాళ్ళ ముందు వేశాను. నా జుట్టు సగం నెరిసిందని వాళ్ళందరికీ తెలిసిపోయింది.

“నేను ఇష్రాక్‌ని. రొట్టెల నబాత్ కొడుకు ఘమ్దాన్ని ఇవాళ వదిలిపెట్టండి,” అన్నాను. “మా బడి కింద ఉన్న మిగతా పిల్లల్ని కూడా.”

నా భర్త ముఖం పాలిపోయింది. “కప్పుకో,” అన్నాడు, పళ్ళ మధ్య నుంచి. “గుడ్డ తీసుకుని కిందికి పో.”

“తియ్యాల్సింది నేను కాదు,” అన్నాను, గడప పక్కనే కూర్చుంటూ.

కమాండర్ చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. నోరు నిండిపోయి మాట్లాడలేకపోతున్నాడు. ఉమ్మి గిన్నె నా గుడ్డకి అవతల ఉంది. దాటడానికి లేదు. మింగనైనా మింగాలి, వంగనైనా వంగాలి.