షావుకారు కొన్న నడక

నేను ఒక ట్రెడ్‌మిల్‌ను. అంటే, మనిషిని ఉన్నచోటే నడిపించి, నడిచినందుకు అతని దగ్గరే డబ్బు వసూలు చేసే యంత్రాన్ని. రోడ్డు ఊరికే దొరికే దేశంలో రోడ్డు ముక్కను అద్దెకివ్వడం నా వ్యాపారం. ఇలాంటి సరుకు ఎవరు కొంటారని మీరడగవచ్చు. కొంటారు, ఎగబడి కొంటారు. కొన్నాక వాడరు. నా విసుగంతా అక్కడే.

నేను పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. ఓడలో విశాఖపట్నం దిగి, బీచికి ఎదురుగా ఉన్న ఒక పెద్ద హోటల్లో చేరాను. చల్లటి గది, అద్దాల గోడ. గోడ అవతల కనుచూపు మేర ఇసుక, గాలి, పైసా ఖర్చు లేకుండా నడుస్తున్న జనం. ఇవతల నేను. హోటల్ వాళ్ళ లెక్క అర్థం కావడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. గది అద్దె పెంచాలంటే తమ దగ్గర జిమ్ ఉందని కాగితం మీద వేసుకోవాలి. వేసుకున్నారు, పెంచారు. ఇక నేను తిరిగినా తిరగకపోయినా వాళ్ళకు ఒకటే. అతిథులు వచ్చి, నా మీద నిలబడి ఫోటో దిగి, టిఫిన్‌కు పోయేవారు. హోటల్ చేతులు మారినప్పుడు నన్ను వేలానికి పెట్టారు. కొన్న ధరలో అయిదో వంతు దగ్గర పాట ఆగిపోయింది. నా ఒంట్లో అరిగిన భాగం ఒక్కటీ లేదు. వాడితే అరిగే సరుకును చూశాం గాని, వాడకుండానే విలువ పోగొట్టుకునే సరుకు నేనేనని ఆ రోజు తెలిసింది.

నన్ను పాడుకున్నవాడు తాడేపల్లిగూడెం వాడు, మణికంఠ. ముప్పై ఏళ్ళ మనిషి, కండలు తిరిగినవాడు, అప్పు చేసి జిమ్ పెట్టినవాడు. ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో, బట్టల కొట్టు పై అంతస్తు. మెట్లు ఇరుకు కావడంతో మార్కెట్ నుంచి నలుగురు హమాలీలను పిలిచాడు. వాళ్ళు నన్ను తాళ్ళతో బిగించి, భుజాల మీద మోసి పైకి చేర్చారు. అందులో ఒకడు చెమట తుడుచుకుంటూ గది నాలుగు మూలలా చూశాడు.

"ఇయ్యన్నీ ఏంటండీ బాబూ?"

"బరువులన్నా. ఎత్తుతారు."

"ఎత్తితే ఎంతిత్తారండీ?"

"మనమేం ఇవ్వం. ఎత్తేవాళ్ళే మనకిస్తారు."

హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకైనా మంచిదని కూలి అక్కడికక్కడే పుచ్చుకుని దిగిపోయారు.

మణికంఠ వ్యాపారం చూశాక హోటల్ వాళ్ళే నయమనిపించింది. నెలకయితే పదిహేను వందలు, ఏడాదికయితే పన్నెండు వేలు. వచ్చినవాడు గోడ మీది రేట్లు చూసి, ఏడాదికి ఆరు వేలు మిగులుతుందని మురిసిపోయి, పన్నెండు వేలు కట్టి, పదో రోజుకి మాయమయ్యేవాడు. నెల నెలా కట్టేవాడు మాత్రం పదిహేను వందలు గుర్తుపెట్టుకుని క్రమం తప్పకుండా వచ్చేవాడు. చవకగా కొన్నవాడికి నడక ఎంత ఖరీదు పడిందో, ఖరీదుగా కొన్నవాడికి ఎంత చవక పడిందో లెక్క కట్టే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు. డబ్బు కట్టినవాళ్ళందరూ ఒకేసారి వస్తే ఆ గదిలో నిలబడడానికి చోటు చాలదు. ఆ సంగతి మణికంఠకు తెలుసు. దసరాకు ఆయుధ పూజ చేసి, మాకు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టిన రోజున మాత్రం అందరూ వచ్చారు. పులిహోర తిని, ఫోటోలు దిగి, మళ్ళీ దసరా దాకా సెలవు తీసుకున్నారు.

ఇలాంటి చోటికి తటవర్తి పాండురంగారావు వచ్చాడు. ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి. యాభై దాటిన మనిషి, మనిషి కన్నా ముందు పొట్ట లోపలికి వచ్చింది. వెంట భార్య సుభాషిణి. ఆయనకు షుగరు బాగా ఎక్కువైంది. రోజూ ముప్పావు గంట నడవమని, మూడు నెలల తర్వాత మళ్ళీ రక్త పరీక్ష చేస్తానని, అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ తప్పదని డాక్టరు చెప్పాడు. ఆయన తండ్రికీ ఇదే జబ్బు. నిర్లక్ష్యం చేసి చేసి, చివరికి ఒక కాలు మోకాలి దాకా పోగొట్టుకున్నాడు.

"కాలవ గట్టు మనింటి ముందేగా ఉంది. నడిస్తే పైసా అడగదు," అంది సుభాషిణి.

"అందుకే దాని మీద ఎవడూ నడవడు. ఊరికే వచ్చినదానికి విలువుంటుందేంటి? డబ్బు కట్టామనుకో, ఆ డబ్బే మెడ పట్టుకుని లాక్కొస్తుంది."

"మిమ్మల్నే?"

"నన్నే."

బేరమాడి ఏడాది రుసుమును పది వేలకు దించాడు. పైన ఒక తువ్వాలు, ఒక నీళ్ళ సీసా రాబట్టాడు. ఆ రెండూ వాడాడు. నా మీద నడిచింది మాత్రం నాలుగు రోజులు. అయిదో రోజు కర్నూలు నుంచి లారీలు దిగాయి. ఆ పైవారం రేటు పడిపోయింది. రేటు పడితే ఆయన కొట్టు వదలడు, పెరిగితే అసలే వదలడు.

అయితే ఈయన మిగతావాళ్ళలా డబ్బు కట్టి మరిచిపోయే రకం కాదు. అదీ చిక్కు. తను రాని ప్రతి రోజూ నష్టమేనని ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఒక పొద్దున్న తన బదులు బావమరిది బాబ్జీని పంపాడు. బాబ్జీకి ఊరెళ్ళే పనిబడితే గుమాస్తా లోవరాజును పంపాడు. ఇద్దరికీ కుదరకపోతే సుభాషిణి వచ్చేది. గుళ్ళో ఒకరి పేరున మరొకరు ప్రదక్షిణలు చేసినట్టు ఉండేది ఆ వరస. లోవరాజయితే చెప్పులు విడిచి, నాకు దణ్ణం పెట్టి, "అయ్యగారి కోసం" అని మరీ ఎక్కేవాడు.

మణికంఠ నాలుగు రోజులు చూసి కొట్టుకెళ్ళి అడిగినట్టున్నాడు. షావుకారు రుసరుసలాడుతూ జిమ్‌కు వచ్చాడు.

"ఒకళ్ళ పేరు మీద ఇంకొకళ్ళు రాకూడదండీ షావుకారుగారూ," అన్నాడు మణికంఠ.

"ఎందుకు రాకూడదోయ్? నేను అద్దెకు తీసుకున్న గోడౌన్‌లో మా బావమరిది సరుకు పెట్టుకోకూడదా?"

"ఇది గోడౌన్ కాదండీ, ఒళ్ళు!"

"ఎవడి ఒళ్ళయితే నీకేంటి? ఒకసారికి ఒకడేగా ఎక్కేది? నీ బెల్టేమన్నా ఎక్కువరిగిందా?"

మణికంఠ వంగి బెల్టు వంక చూశాడు. జవాబు నా దగ్గరుంది గాని నాకు నోరు లేదు. ఉల్లిపాయల మీద ఇన్నేళ్ళు బతికిన మనిషికి, ఎవరి బదులు ఎవరైనా మోయగలిగే బరువేదో, మోయలేనిదేదో తెలియకపోతే ఏం చెయ్యను? నా పని నేను చేశాను. తిరిగాను.

మూడు నెలలు గడిచాయి. ఒక ఉదయం పాండురంగారావు పరీక్ష కాగితం పట్టుకుని మెట్లెక్కాడు. వెనకే సుభాషిణి.

"నా డబ్బు నాకిచ్చెయ్ మణికంఠా! మూడు నెలలకి చుక్క తగ్గలేదు సరికదా, పెరిగింది!"

"మీరొచ్చిందే నాలుగు రోజులండీ..."

"నా పేరు మీద ఒక్క రోజన్నా ఖాళీ పోయిందా? డాక్టరుగారికీ అదే చెప్పాను. నడుస్తున్నారా అంటే, రోజూ జరుగుతోందండీ అన్నాను."

"జరిగింది, ఎందుకు జరగలేదూ?" అంది సుభాషిణి. "నాకు మోకాళ్ళ నొప్పులు పోయాయి. బాబ్జీ పాంట్లు జారిపోతున్నాయి. లోవరాజు మూటలు మోసినా ఆయాసపడట్లేదు. మీ పది వేలు ఎక్కడికీ పోలేదండీ. మీ ఒంటికి తప్ప అందరి ఒంటికీ పట్టాయి."

మణికంఠ నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక చెప్పు తీసి, తిరగేసి బల్ల మీద పెట్టింది. అట్టలోంచి ఇనుప ముల్లులాంటిది పైకి పొడుచుకొచ్చి ఉంది. గోనె సంచులు కుట్టే సూది విరిగిన ముక్క.

"నిన్న పొద్దుటి నుంచీ దీని మీదే తిరిగారు. నేల మీద నెత్తురు చూసి లోవరాజు అరిచేదాకా ఈయనకి తెలీదు. నొప్పి లేదట. మావగారికీ ఇలాగే మొదలైంది బాబూ." ఆమె భర్త వైపు తిరిగింది. "ఆయన కాలు తీసిన రోజున ఆసుపత్రి వరండాలో మీరు స్తంభం పట్టుకుని ఏడ్చారు. నేను చూశాను. ఆ రోజు ఎవరినన్నా మీ బదులు ఏడవమన్నారా?"

పాండురంగారావు బల్ల మీద కూర్చుని చెప్పులోని సూది కొనను వేలితో తాకి చూశాడు. భయపడ్డాడు. నిజంగానే భయపడ్డాడు. కాని భయమేసినా మనిషికి చేతనయిన పనే చేతనవుతుంది. ఆయన బేరం మొదలుపెట్టాడు.

"బతిమాలితే డాక్టరు ఇంకో మూడు నెలలిచ్చాడు. నాకు మిగతా తొమ్మిది నెలలూ వద్దు. పైన ఏడు వేలిస్తాను, ఆ నడిచే మిషనిచ్చెయ్. ఇంట్లో కళ్ళెదురుగా ఉంటే నేనే నడుస్తాను."

కింది కొట్టువాడికి అద్దె బాకీ పడ్డ మణికంఠ కాదనలేకపోయాడు.

కాలి గాయం మానాక నన్ను తీసుకెళ్ళడానికి తోపుడు బండి వచ్చింది. షావుకారు కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు, డాక్టరు వేసుకోమన్నాడట. దారి పొడుగునా ఒక చెయ్యి నా మీద వేసి, "మెల్లిగా, గుంట చూసుకో" అంటూ మార్కెట్ దాటి, కాలవ వంతెన దాటి ఇంటి దాకా నడిచాడు. ఎందుకంటే సరుకును ఒంటరిగా వదిలే అలవాటు ఆయనకు లేదు. ఇంటి గుమ్మం ఇరుకు. నేను పట్టలేదు. వరండాలో దించారు. మొదటి రోజు ఎక్కాడు, ఫ్యూజు పోయింది. రెండో రోజు ఎక్కాడు, వీధిలో పోయేవాళ్ళందరూ ఆగి చూశారు. మూడో రోజు ఎక్కలేదు.

"ఇది గిట్టదు. అమ్మేద్దాం," అన్నాడు.

సుభాషిణి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తిన్నట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన కొనేవాడిని వెతకడానికి బయల్దేరాడు. ఫోన్లో చెప్పిన ధర ధర కాదని, ఎదుటివాడి కళ్ళు చూడాలని ఆయన నమ్మకం. స్కూటరు ముట్టుకోలేదు. అమ్ముడుపోని సరుకు మీద పెట్రోలు ఖర్చు ఎక్కించడం వ్యాపారం కాదట. కాలవ గట్టు వెంబడి కొత్త ఇళ్ళ దాకా నడిచాడు. అక్కడ ఒక పళ్ళ డాక్టరు పన్నెండు వేలన్నాడు. ఆ మర్నాడు ఇంకా పై వీధికి వెళ్ళాడు. ఒక కాంట్రాక్టరు పద్నాలుగన్నాడు. తిరిగొచ్చి, మంచినీళ్ళు తాగుతూ భార్యకు కోపంగా చెప్పేవాడు:

"ఈ ఊళ్ళో సరుకు విలువ తెలిసినవాడు ఒక్కడూ లేడు!"

"రేపు ఇంకాస్త దూరం వెళ్ళి చూడండి," అనేది ఆమె. ఆ మాటను ఆమె ఎంత జాగ్రత్తగా, ఎంత మామూలుగా అనేదో వరండాలో ఉన్న నాకు తెలుసు.

లారీలు దిగుతూనే ఉన్నాయి. ఆయన ముందు బేరానికి వెళ్ళి, తర్వాతే కొట్టుకు పోయేవాడు. ఆరోగ్యం కోసం నాలుగు రోజులు నడవలేని మనిషి, నా మీద ఇరవై వేలు రాబట్టడం కోసం వానలో గొడుగేసుకుని నడిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మోటారు, ఇంత బెల్టు, మెరిసే అంకెల తెర పెట్టుకుని నేను వరండాలో టార్పాలిన్ కప్పుకుని కూర్చుంటే, నా మీద జరగాల్సిన నడకంతా కాలవ గట్టు మీద ఊరికే జరుగుతోంది.

గడువు నాటికి షావుకారు మళ్ళీ రక్తమిచ్చాడు. సాయంత్రం కాగితంతో వచ్చి వరండా మెట్టు మీదే కూర్చున్నాడు.

"దిగింది. ఇన్సులిన్ సూది అక్కర్లేదట. డాక్టరు అరికాలికి స్పర్శ కూడా చూశాడు. ఇక ముదరకుండా ఆపుకోవడం నీ చేతుల్లోనే ఉందన్నాడు. ఏం చేస్తున్నావని అడిగాడు."

"ఏమన్నారు?"

"బేరమన్నాను."

సుభాషిణి కొంగుతో కళ్ళొత్తుకుని, మజ్జిగ తెస్తానని లోపలికి పోయింది.

ఆ ఆదివారమే పెంటపాడు నుంచి ఒక రైసు మిల్లు యజమాని కారులో వచ్చాడు. టార్పాలిన్ తీయించి చూశాడు. నన్ను ఆడించి చూశాడు.

"ఇరవయ్యేగా మీరన్నది? ఇదిగోండి," అని నోట్ల కట్ట తీశాడు. గీసి గీసి బేరమాడే ఊళ్ళో మొదటిసారి ఒకడు అడిగినంతా ఇస్తానన్నాడు. పెట్టిన దానికి పైన మూడు వేలు లాభం. పాండురంగారావు చెయ్యి సగం దాకా చాచాడు. గుమ్మంలో సుభాషిణి గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇరవై అయిదండీ."

"నిన్న మా వాడికి ఇరవై అని చెప్పారు కదండీ!"

"నిన్నటి రేటు నిన్నటిదండీ."

"మనుషులేనా మీరు?" అని మిల్లు యజమాని కారు తలుపు విసురుగా వేసుకుని వెళ్ళిపోయాడు.

"కాళ్ళ దగ్గరికొచ్చిన బేరం చెడగొట్టుకున్నారేంటండీ?" అంది సుభాషిణి, నవ్వు ఆపుకుంటూ.

పాండురంగారావు వంగి నా మీద టార్పాలిన్ సర్ది, తాడు గట్టిగా ముడేశాడు.

"అమ్మేస్తే రేపు పొద్దున్న ఎక్కడికెళ్ళమంటావ్?"

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే బూట్లు వేసుకుని, ఇరవై అయిదు కూడా తక్కువేనేమోనని గొణుక్కుంటూ గేటు తీసుకుని బయటకు వెళ్ళాడు.