బీరమ్మ చేతి సున్న

చిట్యాలలో ఫ్రేములు కట్టే దివాకర్ కాగితం విప్పి చూపించగానే జానయ్య మొహం చిట్లించాడు.

"గీమె ఎవరు?"

"నీ భార్యనే పెద్దయ్యా. నీ కొడుకు ఆమె ఆధార్ కార్డు ఫొటో పంపిండు. దాంట్ల మొహం తీసి గిట్ల తయారు చేసిన."

మొహం బీరమ్మదే. కింద పట్టుచీర, మెడనిండా నగలు, వెనక పూలతోట. బతికున్నన్నాళ్లూ గొర్రెల వెంట తిరిగిన మనిషికి ఎవరిదో ఒళ్లు అతికించారు. రేపు ఆమె ఏడాది మాసికం. ఇక ఆమె పేరు చెప్పుకుని గోడ మీద రోజూ చూడవలసింది దీన్నే.

"ఆమెకు పట్టుచీర కొనియ్యనోన్ని నేను. కట్టియ్యనీకె నువ్వెవరివి?"

"అందరికీ గిట్లనే చేస్తం. మస్తుగుంటది."

"అందరిండ్లల్ల ఒక్కతే సచ్చిందా?"

విసురుగా లేచిన జానయ్య పక్కగోడ చూసి ఆగిపోయాడు. నల్ల ఫ్రేములో తెల్లకాగితం. దాని మీద లావు కుంచెతో ఒక్క ఊపున తిప్పిన నల్ల సున్న. మొదట చిక్కగా, పోనుపోను పలచగా సాగి, చివర కలవకుండానే ఆగిపోయింది.

బొచ్చు కత్తిరించాక గొర్రెల మీద బీరమ్మ వేసే గుర్తు అది. ఒక్కో మందకు ఒక్కో గుర్తు. జానయ్య మందది సున్న. గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రంగులో ముంచిన గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేది. కలిపేలోపే గొర్రె దుమికేది, సున్నలో సందు మిగిలేది. మందలు కలగలిసిపోతే ఆ సందు చూసే తమ జీవాలను ఏరుకునేవారు.

"గిది నాకియ్యి."

"అది జపాన్ తీరు బొమ్మ. జెన్ అంటరు. హైవే మీది హోటలోళ్లకు ప్రింటు తీయించిన, ఒకటి మిగిలింది. ధ్యానం చేసేటోళ్లు పెట్టుకుంటరు. మాసికానికి గిదేంది? నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ. కాయితంల సుట్టియ్యి."

రెండింటికీ పైసలిచ్చి, సున్నను మాత్రమే చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

మరునాడు కొడుకు ఎంత మొత్తుకున్నా వినలేదు. తన చేత్తోనే మేకు కొట్టి తగిలించాడు. బీరమ్మ తమ్ముడు జంగయ్య గడప దాటుతూనే పకపకా నవ్వాడు. అక్క దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఒక్కసారి తొంగిచూడని మనిషి.

"ఏంది బావా, మా అక్క యాడ? గుండు సున్న పెట్టినవ్?"

"నీకు కనవడదులే. కూసో. తిను. పో."

అప్పుడొచ్చింది బిక్షమ్మ. బీరమ్మతో కలిసి గొర్రెలు కాసిన మనిషి. గోడ ముందు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత దగ్గరికి వెళ్లి, అద్దం మీద ఆ సందును వేలితో తడిమింది.

"దీని దుంపదెగ! ఈడ దుంకింది సూడు గొర్రె."

ఎవరూ చెప్పకుండానే కుంకుమలో వేలు ముంచి, సరిగ్గా ఆ సందులోనే బొట్టు పెట్టింది.

జంగయ్య నవ్వు ఆగిపోయింది. "ఏంది బావా అది?" అని అడిగాడు, మళ్లీ అడిగాడు.

జానయ్య అతనికి విస్తరి వేశాడు.