రాగి గొడుగుల చోటు

ఆమెను వీధంతా ముక్కు పిన్ని అంటారు. తడి ఆకుల కింద రాగి గొడుగు తల ఎత్తకముందే వాసన పట్టే ముక్కు మరి. ఆ పుట్టగొడుగు ముసలి చెట్ల వేళ్లను అంటిపెట్టుకునే బతుకుతుంది. పెరట్లో వేస్తే రాదు, కుండీలో పెడితే రాదు. అడవి చిక్కిపోయిన కొద్దీ అదీ చిక్కిపోయి, చివరికి ఒక్క చోట మిగిలింది. ఆ చోటు తండ్రి పోతూ పోతూ ఆమె చెవిలో చెప్పాడు. గొడుగులు ఏరేవాళ్ల పద్ధతే అంత: చోటు ఒక్కరికే చెప్పాలి, ఆ ఒక్కరు చచ్చేదాకా నోరు విప్పకూడదు. కట్టుకున్నవాడికి సైతం చెప్పకుండానే అతన్ని సాగనంపింది మహాతల్లి.

ఆ ఏడు వానలు పడగానే, అడవిలో ఏమేం మొలుస్తాయో లెక్క రాసుకునే సర్వే పిల్ల వచ్చింది, మెడలో కెమెరాతో. దిగడం ఎక్కడ దిగింది? వదిన ఇంట్లో. అక్కడే చెడింది వ్యవహారం. అన్న పోయినప్పటి నుంచి వదినతో మాటల్లేవు. తన చోటు మీద వదిన కన్నేసిందని పిన్ని గట్టి నమ్మకం.

"పిన్నిగారూ, రాగి గొడుగు ఎక్కడుందో తెలిస్తే చూపించండి," అంది పిల్ల గుమ్మంలో నిలబడి. "నేలలో మొలిచి ఉన్నది ఒక్కటి ఫొటో తీసినా చాలు, ఆ చెట్లు కొట్టనివ్వరు. లేదంటే వచ్చే నెలే రంపాలు దిగుతాయి."

"అదెప్పుడో అంతరించిపోయిందమ్మా," అంది పిన్ని. వదిన ఎంత తెలివిగా పంపిందో అని లోలోపల పళ్లు నూరింది.

మర్నాడు తెల్లారకుండానే అడవికి పోయింది. ఏటా ముదిరినవి నాలుగు వదిలేసేది, వాటి పొడి రాలి మళ్లీ మొలవాలని. ఈసారి చొక్కా గుండీలంతవి కూడా పీకేసింది. చేయి పెట్టిన ఆనవాలు లేకుండా ఆకులు సర్దేసి, పొదల చాటున నక్కింది. పొద్దెక్కాక పిల్ల అడవంతా వెతుక్కుంటూ అటే వచ్చి, సరిగ్గా ఆ వేరు మీదే కూర్చుని, టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయింది. పిన్ని కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు మూడు వారాలు నిలిచింది. తర్వాత చెట్లకు ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. పిన్ని ఎండు గొడుగుల బుట్ట ఎత్తుకుని అటవీ ఆఫీసుకు పరుగెత్తింది.

"బుట్టలోవి లెక్కలోకి రావమ్మా. నేలలో చూపించు," అన్నాడు ఆఫీసరు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషిని వెంటబెట్టుకుని తన చోటికి వెళ్లింది. బురదలో మోకరిల్లి ఆకులన్నీ తిరగేసింది. పీకిన గుంటలు తప్ప ఏమీ లేవు.

"నేనే కోశానయ్యా! అన్నీ నేనే కోసేశాను!"

"మళ్లీ ఎప్పుడు మొలుస్తాయి?"

"వచ్చే వానలకి."

"సోమవారం రంపాలు వస్తున్నాయి," అన్నాడతను. పాపం, చెడ్డవాడేం కాదు. ఆమె ఏరి పక్కన పెట్టిన ఆకులతోనే బూట్ల బురద తుడుచుకుని జీపెక్కాడు.

మరుసటి ఏడు తొలి వానకు పిన్ని వెళ్లింది. మొద్దుల మధ్య ఆ ముక్కుకు అందింది రంపపు పొట్టు వాసనే. తల ఎత్తితే ఎదురుగా వదిన.

"ఈ చోటు నీకెలా తెలుసు?" అని పిన్ని గయ్యిమంది.

"ముప్పై ఏళ్లుగా తెలుసు. మీ అన్న చిన్నప్పుడే మీ నాన్న వెనకాల నక్కి చూసేశాడట. పెళ్లయిన కొత్తలో నాకు చూపించి, ఇది మా చెల్లి చోటు, కడుపు మాడినా ఇటు రావద్దని ఒట్టేయించుకున్నాడు. ఒక్కరోజూ రాలేదు."

"మరి ఆ పిల్ల నీ ఇంట్లోనే ఉందిగా! దానికి చెప్పి చావొచ్చుగా!"

"నోటిదాకా వచ్చింది," అంది వదిన. "నీ చోటు కదా, నువ్వే చెబుతావనుకున్నాను."

వదిన వెళ్లిపోయాక పిన్ని రంపపు పొట్టును రెండు చేతులా కెలికి చూసింది. ఏమీ లేదు. తర్వాత అలవాటు కొద్దీ, ఎవరూ గుర్తుపట్టకుండా, మళ్లీ నీటుగా సర్దేసింది.