రెండు మూరల పేగు

కస్టోడియో మకెరా కడుపు నాలుగు రోజులు డోలులా బిగుసుకుపోయింది. ఐదో రోజు కొండలమీది హులియాకా పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ వెనకనుంచి గొట్టం పెట్టింది. గాలి బయటికొచ్చిన చప్పుడుకి పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. ఒకడు టోపీ తీసి దణ్ణం పెట్టాడు.

నొప్పి పోయింది. ఆ తర్వాతే అతనికి అయోమయం మొదలైంది.

"పెద్దాయనా, మీ పెద్దపేగు మెలిపడింది. ఇప్పటికి విప్పాను. మళ్లీ పడుతుంది. ఆ సాగిపోయిన ముక్క కోసి తీసెయ్యాలి. లేకపోతే ఇంకోసారి ప్రాణం మీదికొస్తుంది."

"విప్పారు గదా. ఇంక కొయ్యడం దేనికి?"

"మామూలు పేగుకి రెండింతలుంది. నా చెయ్యంత లావు. సముద్రం ఒడ్డున మా ఊళ్లో ఇలాంటిది నేను చూళ్లేదు. ఇక్కడ నెలకి ముగ్గురొస్తారు."

అది మెచ్చుకోలో తిట్టో కస్టోడియోకి తెలియలేదు. "అసలు దాని పనేంటమ్మా?" అన్నాడు.

ఆవిడ కాగితం మీద గీసి చూపించింది. పైన అరగకుండా మిగిలిన బార్లీ పొట్టు, చిక్కుడు తొక్క అక్కడికి చేరతాయి. కంటికి కనబడని పురుగులు వాటిని పులియబెడతాయి. ఆ పులిసినదాంట్లోంచి కొంత సత్తువ ఒంటికి పడుతుంది. నీళ్లు పేగు లాగేసుకుంటుంది. మిగిలిన పిప్పి గట్టిపడి బయటికి పోతుంది. పులిసేటప్పుడు గాలి పుడుతుంది. ఇంత ఎత్తున ఆ గాలి మరింత ఉబ్బుతుంది. అరవై ఏళ్లు ఉబ్బీ ఉబ్బీ పేగు సాగింది.

"అంటే నన్ను పెంచిన తిండే నన్ను పాడుచేసిందా?"

"చెడ్డ తిండి కాదు. మంచి తిండే."

"అయితే తినమంటారా?"

"ఇప్పుడు తగ్గించండి. కోశాక కొంచెం కొంచెంగా తినొచ్చు."

కస్టోడియో ఆ కాగితంకేసి చూశాడు. వాళ్ల ఊరి ఆరోగ్య కేంద్రం గోడకి ఒక బొమ్మ ఉంది. అందులో చిక్కుళ్లు, బార్లీ, గ్లాసుడు నీళ్లు. బాగా తింటే పేగుకి మంచిదని కింద రాసుందట. అంటించిందీ డాక్టర్లే. ఎవరి మాట వినాలి?

కోతకి ఒప్పుకునే కాగితం మీద వేలిముద్ర వెయ్యలేదు. మంచు పడే నెల. ఇంటి దగ్గర బంగాళాదుంపలు గడ్డిమీద పరిచి ఉన్నాయి. రాత్రి గడ్డకట్టి పగలు మెత్తబడినప్పుడు తొక్కి నీళ్లు పిండకపోతే ఏళ్లు నిలవుండే ఎండుదుంప, చూనో, తయారుకాదు. చూనో లేకపోతే ఏడాదంతా ఏం తింటారు?

ఇంటికొచ్చాక అతని భార్య ఎపిఫానియా తన అన్నను పిలిపించింది. ఊళ్లో రోగం ఎక్కడుందో చూసేది అతనే. పేరు సబీనో.

"చొక్కా ఎత్తు బావా. ఆసుపత్రికెళ్లి సిగ్గు ఎట్లాగూ పోగొట్టుకున్నావుగా."

సబీనో బతికున్న గినీపందిని కస్టోడియో కడుపుమీద మూడుసార్లు రుద్దాడు. తర్వాత దాన్ని కోసి, పొట్ట తెరిచి, వెలుగులో పట్టుకున్నాడు. పేగుల మధ్య పచ్చగా, నల్లగా, ఉబ్బిన సంచి ఒకటి ఉంది.

"ఇదిగో. నీ మెలిక దీంట్లోకొచ్చేసింది."

ఎపిఫానియా తొంగి చూసింది. "అన్నా, నేను పండక్కి కోసిన ప్రతి గినీపందికీ ఈ సంచి ఉంటుంది. అవన్నీ ఈయన మెలికే పట్టుకున్నాయా?"

"కూరకి కోసేవాళ్లకి కూరే కనబడుతుంది. నువ్వు పొయ్యి చూసుకో."

కస్టోడియో ఆ సంచిని గోటితో చీల్చాడు. లోపల గడ్డి సగం గడ్డిలా, సగం బురదలా ఉంది. చిన్న బుడగలు పైకొచ్చాయి. వాసన చూశాడు. మొక్కజొన్న కల్లు, చిచా, కుండ మూత తీసినట్టుంది. డాక్టరమ్మ చెప్పింది ఇదేనేమో అనుకున్నాడు. మరి గినీపందికి రోగం లేదే. తనకెందుకొచ్చింది? చెయ్యి గడ్డికి తుడుచుకున్నాడు.

రాత్రంతా ఆలోచించి ఒక లెక్కకొచ్చాడు. డాక్టరమ్మ ఒకసారి విప్పింది. సబీనో ఒకసారి బయటికి తీశాడు. ఒక మెలిక రెండుసార్లు పోయింది. ఇంక మిగిలే వీల్లేదు.

మూడో రోజు దుంపలు తొక్కడానికి చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. వట్టి కాళ్లతో కుప్పమీదెక్కి అందరితోపాటు తొక్కాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి చిమ్మాయి. మధ్యాహ్నం అందరూ కూర్చుని వేయించిన చిక్కుళ్లు, బార్లీ జావ ముందు పెట్టుకున్నారు. చిచా కుండ చేతులు మారింది. నాలుగు రోజుల పస్తు గుర్తొచ్చి కస్టోడియో రెండు గిన్నెలు లాగించాడు.

"చాల్లేవయ్యా," అంది ఎపిఫానియా.

"మెలిక మీ అన్న దగ్గరుంది. నాకేం భయం?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

తెల్లారేసరికి కడుపు మళ్లీ డోలైంది. వ్యానులో ఎపిఫానియా ఒళ్లో తలపెట్టుకుని పడుకున్నాడు. గుంట వచ్చినప్పుడల్లా గుడ్లు తేలేశాడు. ఈసారి గొట్టం పెట్టినా గాలి రాలేదు. డాక్టరమ్మ ముఖం చూసి కస్టోడియోకి తెలిసిపోయింది.

"పేగు నల్లబడుతున్నట్టుంది. ఇంక ఆగడానికి లేదు," అందావిడ.

"కొయ్యండి. కోసింది నాకివ్వండి. మా పొలంలో పాతిపెట్టుకుంటాను."

"ఇవ్వడం కుదరదు పెద్దాయనా. పరీక్షకు పంపాలి."

"అయితే మా ఆవిడకి చూపించండి. మా మందలో కోసిన లామాల పేగులు కడిగిన చెయ్యి. మంచిదో కాదో చెబుతుంది."

డాక్టరమ్మ సరేనంది. కస్టోడియో కాగితం మీద వేలిముద్ర వేశాడు.

మెలకువొచ్చేసరికి కడుపు పక్కన పల్చటి సంచి ఒకటి అంటించి ఉంది. కొన్నాళ్లు దొడ్డికి దారి ఇదేనని నర్సు చెప్పింది. తర్వాత మళ్లీ లోపల కలుపుతారట.

"చూశావటే?" అన్నాడు భార్యతో.

"చూశాను. రెండు మూరలుంది. ఒక పక్క నల్లబడింది. రెండో పక్క శుభ్రంగా ఉంది. కడిగి వండుకోవచ్చు."

"మరి మంచిదేనా, చెడ్డదేనా?"

"అదే నాకూ అర్థం కాలేదు."

కోసిన ఎనిమిదో రోజు సబీనో వచ్చాడు. గుప్పెడు చూనో దుప్పటిమీద పోశాడు. నల్లగా, గులకరాళ్లలా, ఏమీ బరువు లేకుండా ఉన్నాయి. "నీ దుంపల్లో మిగిలినవన్నీ నేనే తొక్కాను. చుక్క నీరు లేదు చూసుకో. మెలిక నేను తీసిన మాట నిజం బావా. నువ్వే మళ్లీ తిని తెచ్చుకున్నావు."

"డాక్టరమ్మ కూడా అదే అంటోంది," అన్నాడు కస్టోడియో. ఇద్దరూ ఒకటే మాట అనడంతో అతనికి ఇంకా తికమకైంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ అడిగింది. "మెత్తగా ఉడికించి, తొక్క తీసిన చిక్కుడు గింజ ఒక్కటి తింటారా? ఎలా ఉంటుందో చూద్దాం."

ఎపిఫానియా ఉడికించి తెచ్చింది. కస్టోడియో దాన్ని చాలాసేపు నమిలాడు. తర్వాత ముగ్గురూ సంచికేసి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి అది కొద్దిగా ఉబ్బింది.

"కోసేశారుగా. ఇంకా పులుస్తోందేంటి?" అన్నాడు కస్టోడియో.

"మిగిలిన పేగు పని చేస్తోంది. అది ఆగకూడదు."

కస్టోడియో కడుపుమీద చెయ్యి వేసి నొక్కాడు. మెత్తగా ఉంది. ఎక్కడా బిగుసుకోలేదు. ఏమీ అర్థం కాలేదు గానీ ఆకలేసింది.

"ఇంకోటుందా?" అన్నాడు.